శనివారం సాయంత్రం పాటలు

మా ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయిన తర్వాతే నేను మళ్లీ పాటలు పాడడం మొదలుపెట్టాను. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చెప్పాలంటే నాకు ఇప్పటికీ తల వంగిపోతుంది.

నేను కొడవలూరు మండలంలో చిన్నపిల్లల బడిలో టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఆయనది సేద్యం. అబ్బాయి చదువు కోసం నెల్లూరులో ఇల్లు తీసుకున్నాం కానీ ఆయన మనసు ఎప్పుడూ ఊళ్లో మడికాడే ఉండేది. తెల్లవారకముందే బండి తీసుకుని పెన్న వంతెన దాటి, కోవూరు మీదుగా పొలానికి పోయేవారు. ఎండకూ వానకూ అదే వరస. చీకటి పడ్డాక వచ్చి, కాళ్లు కడుక్కుని, వార్తలు చూసి, నాలుగు మెతుకులు తిని పడుకునేవారు. మా మధ్య పెద్దగా కబుర్లు ఉండేవి కావు. గొడవలూ ఉండేవి కావు.

ఒకరోజు పొద్దున బండి తాళం చేతిలో పట్టుకుని వరండాలో కుప్పకూలిపోయారు. ఆసుపత్రిలో చాలా రోజులు ఉన్నాం. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పాయి, మొహం ఒక సగం బిగుసుకుపోయింది. మాట పోయింది. మనం చెప్పేదంతా ఆయనకు అర్థమయ్యేది, తిరిగి చెప్పబోతే మాత్రం "అది" అనే ఒక్క మాటే వచ్చేది. నీళ్లు కావాలన్నా "అది". ఫ్యాను తగ్గించాలన్నా "అది". ఆ ఒక్క మాటనే ఎన్నో రకాలుగా పలికేవారు.

ఇంటికి పంపించే రోజు డాక్టరుగారు జాగ్రత్తలు చెబుతూ, "పాత పాటలు వినిపిస్తూ ఉండండమ్మా. మనసుకు మంచిది. ఆయనకు ఎట్టాంటి పాటలు ఇష్టం?" అని అడిగారు.

"ఆయనకు పాటల మీద అంత ధ్యాస లేదు సార్. పొలం, వానలు, వార్తలు. అంతే," అన్నాను.

నా పక్కనే చక్రాల కుర్చీలో ఉన్న ఆయన ఎడమ చెయ్యి పైకెత్తి, "అది, అది" అన్నారు. దాహమేస్తోందేమో అనుకుని సీసా మూత తీసి నీళ్లు తాగించాను. ఆయన రెండు గుక్కలు తాగి చెయ్యి దించేశారు.

ఇంటికొచ్చాక నా రోజు ఆయన మంచం చుట్టూనే తిరిగేది. స్నానం చేయించడానికి, వ్యాయామం చేయించడానికి ఒక నడివయసు మనిషిని మాట్లాడుకున్నాం. పొద్దున కాసేపు వచ్చేవాడు, మళ్లీ సాయంత్రం వచ్చి చీకటి పడేదాకా ఉండేవాడు. మిగతాదంతా నేనే. అబ్బాయి చెన్నైలో ఉద్యోగం చేస్తూ వీలైన ఆదివారమల్లా రైలెక్కి వచ్చేవాడు. వాడు వచ్చినప్పుడు ధైర్యంగానే కనపడేదాన్ని. వాడు పోయాక ఆయన మీద విసుక్కునేదాన్ని. ముద్ద మింగడానికి ఆలస్యం చేస్తే, "త్వరగా కానివ్వండి" అని గదమాయించేదాన్ని. ఆయన నన్ను చూస్తూ త్వరత్వరగా నమిలేవారు. ఆ చూపు తలచుకుంటే నాకు నా మీదే అసహ్యం వేసేది.

మా పక్కింట్లో ఒక అక్క ఉంది. స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైంది. చర్చిలో కొయిర్‌లో పాడుతుంది. ఒకరోజు గోడ అవతలి నుంచి నన్ను చూసి, "ఏందిమా, మొగం అద్దంలో చూసుకుని ఎన్నాళ్లయింది?" అంది.

"అద్దం చూసుకునే తీరిక యాడుందక్కా."

"శనివారం నాతో రా. మాకు తెలిసిన ఒకాయన ఇంట్లో మిద్దె మీద పాటలు పాడుకుంటాం. అందరూ మన వయసోళ్లే."

"ఆయన్ని మంచం మీద పెట్టి నేను పాటలకు పోయేదా? చూసినోళ్లు ఏమనుకుంటారు?"

"మమ్మల్ని ఎవురన్నా అనుకుంటుండారా? అక్కడికొచ్చే ప్రతోళ్లకీ ఇంటికాడ ఏదో ఒక మంచం ఉండాది," అంది అక్క. ఆ శనివారం అక్క వెంట పోయాను.

ఆ ఇంటాయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. మిద్దె మీద గదిలో ప్లాస్టిక్ కుర్చీలు, ఒక స్పీకరు, రెండు మైకులు, ఒక టీవీ. టీవీలో పాట మాటలు కదులుతుంటాయి, వెనక వాద్యాలు మాత్రమే వినపడతాయి, మనం పాడాలి. ఇంటాయన పెట్టిన నియమం ఒక్కటే. "ఇక్కడ బీపీ, షుగరు మాట ఎత్తగూడదమ్మా. ఎత్తితే అందరికీ టీ ఇప్పించాలి," అని మొదటి రోజే చెప్పారు.

నేను హాస్టల్లో చదువుకునే రోజుల్లో నోటికి నేర్చుకున్న ఒక సినిమా పాట పాడాను. సగంలో గొంతు బొంగురుపోయింది. అయినా ఆపబుద్ధి కాలేదు. పాడినంతసేపూ నాకు మంచం గుర్తు రాలేదు, మందుల వేళ గుర్తు రాలేదు, ఆయన గుర్తు రాలేదు. పాట అయిపోయి కుర్చీలో కూర్చున్నాక మా ఆయన గుర్తొచ్చి గబగబా లేచాను. మెట్లు దిగుతుంటే ఆకలేసింది. ఎన్నాళ్ల తర్వాతో నాకు బాగా ఆకలేసిన రోజు అది.

ఆ తర్వాత వాళ్లు కలుసుకునే బుధవారం, శనివారం రెండు రోజులూ పోవడం మొదలుపెట్టాను. పాటలకు పోతున్నానని ఆయనకు చెప్పలేదు. "కూరగాయలకు పోయొస్తా" అని సంచీ పట్టుకుని బయటపడేదాన్ని. వచ్చేటప్పుడు మా వీధి మలుపులో తోపుడుబండి మీద చేతికందినవి ఏరుకుని సంచీలో వేసుకునేదాన్ని. ఫ్రిజ్ నిండా బెండకాయలు, బీరకాయలు. "ఇద్దురు మనుషులకి ఇన్ని కూరగాయలా టీచరమ్మా?" అని ఆయన్ని చూసుకునే మనిషి నవ్వితే నేను మొహం తిప్పుకునేదాన్ని. అబ్బాయికి కూడా చెప్పలేదు. తండ్రి ఆ స్థితిలో ఉంటే అమ్మ మైకు పట్టుకుని ప్రేమపాటలు పాడుతోందని వాడికి ఎట్లా చెప్పను?

ఒకటి మాత్రం నిజం. పాటకు పోయొచ్చిన రోజు ఆయనకు అన్నం పెట్టేటప్పుడు నాకు విసుగు వచ్చేది కాదు. ఎంత ఆలస్యంగా మింగినా పక్కనే కూర్చునేదాన్ని. ఆయనకూ మంచిదే కదా అని నాకు నేను నచ్చజెప్పుకునేదాన్ని. నచ్చజెప్పుకున్న కొద్దీ తప్పు చేస్తున్నానన్న భావం ఇంకా పెరిగేదే కాని తగ్గేది కాదు.

ఒక శనివారానికి యుగళగీతం పాడాలని అనుకున్నాం. వానలో తడుస్తూ ఇద్దరు పాడుకునే పాత పాట. మగ గొంతు ఇంటాయనది, ఆడ గొంతు నాది. ఆ రోజు పొద్దున మా ఆయన గది తలుపు దగ్గరగా వేసి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, దోసెలు పోస్తూ వంటింట్లో సాధన చేస్తున్నాను. చెవులు మూసి ఉంటే మనం ఎంత గట్టిగా పాడుతున్నామో మనకు తెలియదు. నా వరస పాడి, మగ గొంతు పాడాల్సిన చోట ఆగి, మళ్లీ నా వరస అందుకుంటున్నాను.

అట్లా ఆగినప్పుడు ఎక్కడి నుంచో ఒక గొంతు వినిపించింది. ఫోన్లోదేమో అనుకున్నాను. కానీ అందులో వాద్యాలే తప్ప గొంతు ఉండదు. ఇయర్‌ఫోన్లు తీసేశాను. తలుపు అవతల ఒక మనిషి పాడుతున్నాడు. జీరగా, తాళం తప్పుతూ. మాటలు మాత్రం ఒక్కటి కూడా పోకుండా.

తలుపు తోసుకుని పోయాను. మా ఆయన మంచం అంచున కూర్చుని, ఎడమ చేత్తో తొడ మీద తాళం వేస్తూ మగ గొంతు వరస పాడుతున్నారు. నన్ను చూసి ఆపేశారు. నేను గడప దగ్గరే నిలబడి నా వరస పాడాను. ఆయన తన వరస అందుకున్నారు. చరణం చివరి దాకా వచ్చాం.

"ఏమండీ, నన్నొకసారి పిలవండి," అన్నాను.

ఆయన నోరు తెరిచారు. మెడ నరాలు బిగుసుకున్నాయి. "అది... అది..." అన్నారు. అంతే. కళ్ల నుంచి నీళ్లు కారిపోయాయి. వంటింట్లో దోసె మాడి పొగ వాసన వస్తున్నా నేను కదలలేకపోయాను. నాకు సంతోషం కలగలేదు, భయం వేసింది. ఈయనలో ఇన్ని మాటలు ఉన్నాయి. వాటిని బయటికి తీసే పని నేను చేయవలసింది. నేనేమో తలుపు వేసి, ఆయనకు వినపడకుండా పాడుకుంటూ వచ్చాను.

ఆ మధ్యాహ్నం ఊళ్లో ఉన్న మా మరిదికి ఫోన్ చేశాను. సంగతి విని, "అన్నకు పాటలు రాకపోవడమేంది వదినా?" అన్నాడు. "మోటారు కొట్టంలో రేడియో మోగతానే ఉండేది గదా. నీళ్లు కట్టేటప్పుడు గట్టు మీద నిలబడి గొంతెత్తి పాడేవాడు. మేమందరం నవ్వేవాళ్లం."

"ఇంట్లో ఒక్కనాడూ పాడలేదే."

"నువ్వు బాగా పాడతావంట గదా. నీ ముందర పాడాలంటే సిగ్గు అనేవాడు."

ఫోన్ పెట్టేశాను. పెళ్లయిన కొత్తలో నేను పనులు చేసుకుంటూ పాడుకునేదాన్ని. బడి, బిడ్డ, సంసారం మీద పడ్డాక అది ఎప్పుడో ఆగిపోయింది. ఆయన విన్నారని నాకు తెలియదు. ఆయన పాడతారని అసలే తెలియదు. డాక్టరుగారు ఆయన్ని గురించి అడిగితే ఆయన పక్కనుండగా నేను జవాబు చెప్పాను, అదీ తప్పు జవాబు. ఆ రోజు ఆయన చెయ్యెత్తింది నీళ్ల కోసం అయ్యుండదు.

ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరుగారు ఆయనతో ఒక పల్లవి పాడించుకుని విన్నారు. "కొందరికి మాట పోయినా పాట మిగులుతుందమ్మా. రోజూ ఇద్దరూ కలిసి పాడండి. దాంతో మాట వెంటనే వచ్చేస్తుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు," అన్నారు. అప్పట్లో నేను చెప్పిన జవాబు డాక్టరుగారికి గుర్తు లేదు. నేను గుర్తు చేయలేదు.

ఆ రోజు నుంచి పొద్దునా సాయంత్రం పాటలు మొదలుపెట్టాం. పిల్లలకు ఎక్కాలు రాగం కట్టి నేర్పించినదాన్ని కదా, అదే పద్ధతి ఇక్కడా పట్టాను. "నీళ్లు కావాలి" అనే మాటలకు ఆయనకు బాగా వచ్చిన పాట బాణీ కట్టి పాడించాను. కొన్ని వారాలకు అది పట్టుబడింది. కాఫీ కావాలంటే ఒక బాణీ, కాలు నొప్పంటే ఇంకొక బాణీ. మొహంలో కాస్త కళ వచ్చింది. అన్నం బాగా తినేవారు. పగలంతా గోడ వైపు తిరిగి పడుకోవడం మానేశారు.

అబ్బాయి వచ్చి చూసి ఏడ్చాడు. ఫోన్లో వీడియో తీసి చుట్టాలందరికీ పంపాడు. తర్వాత వచ్చినవాళ్లంతా, "ఏదీ, ఒక పాట పాడు పెదనాయనా" అని మంచం చుట్టూ చేరితే ఆయన కళ్లు మూసుకునేవారు. "పెదనాయన్ని అట్టా ఇబ్బంది పెట్టొద్దు" అని నేను గట్టిగా చెప్పాల్సింది. వచ్చినవాళ్లను నొప్పించలేక ఊరుకున్నాను.

మిద్దె మీది పాటలకు పోవడం మానేశాను. అక్క అడిగితే, "ఇంట్లోనే పాడుతుండా గదక్కా" అన్నాను. ఆ మాటలో సగమే నిజం. ఆయన పాడేవి నాలుగైదు పాటలు. వాటినే తిప్పి తిప్పి పాడాలి. ఎక్కడైనా అడ్డుపడితే కోపమొచ్చి మంచం పట్టె మీద చేత్తో కొట్టేవారు. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునేదాన్ని. చేతికి వ్యాయామం, కాలికి వ్యాయామం లాగా పాట కూడా ఒక వ్యాయామమైపోయింది. శనివారం సాయంత్రమైతే చాలు, మిద్దె మీద ఈపాటికి ఎవరు పాడుతుంటారో అని మనసు అటే పోయేది. నాకంటూ దొరికిన ఒక్క సుఖాన్ని కూడా ఈయన తీసేసుకున్నారే అని ఒకరోజు అనిపించింది. మాట పోయిన మనిషిని గురించి అట్లా అనుకున్నాను. అనుకోలేదని ఇప్పుడు ఎట్లా చెప్పను?

నా అవస్థ చూసి, "ఆయన్నీ తీసుకురా. మిద్దె ఎక్కే పని లేకుండా కింద పోర్టికోలో పెట్టుకుందాం," అంది అక్క.

పోయే ముందు రోజు ఆయనకు అన్నీ చెప్పాను. "ఇన్నాళ్లూ కూరగాయలకని చెప్పి నేను పోయింది పాటలకండీ," అన్నాను. ఆయన నా వైపు చూశారే కాని "అది" అని కూడా అనలేదు. తెలుసో తెలియదో, బాధపడ్డారో లేదో నాకు అర్థం కాలేదు.

శనివారం ఇస్త్రీ చొక్కా వేసి, ఆటోలో తీసుకుపోయాం. అందరూ ఆదరంగా పలకరించారు. ఇంటాయన తన పక్కనే కుర్చీ వేయించారు. మా ఆయన తల వంచుకుని వింటూ, ఎడమ చేత్తో తొడ మీద తాళం వేస్తూ కూర్చున్నారు. చివర్లో ఇంటాయనా నేనూ ఆ వాన పాట ఎత్తుకున్నాం. చాలా రోజుల తర్వాత మైకు చేతికొచ్చిందేమో, నా గొంతు నాకే కొత్తగా, హాయిగా వినిపించింది.

మగ గొంతు వరస వచ్చేసరికి మా ఆయన కూడా అందుకున్నారు. ఒక మాట వెనకబడి, పెద్ద గొంతుతో. వాద్యాలు ముందుకు పోతున్నాయి, ఆయన ఆగడం లేదు. నా వరస వచ్చినా ఆయన ఇంకా తన వరసలోనే ఉన్నారు. కుర్చీల్లో వాళ్లు జాలిగా చిరునవ్వు నవ్వారు. నాకు సిగ్గేసింది. ఆయన వైపు తిరిగి పెదవుల మీద వేలు పెట్టాను.

బడిలో అల్లరి చేసే పిల్లలకు పెట్టినట్టు పెట్టాను.

ఆయన ఆపేశారు. నేను పాట పూర్తి చేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన ఎడమ చెయ్యి ఒళ్లో ఊరికే పడి ఉంది.

ఆ తర్వాత ఆయన నాతో పాడలేదు. పొద్దున్నే పక్కన కూర్చుని నేను పాట ఎత్తుకుంటే కిటికీ వైపు చూసేవారు. నీళ్ల కోసం మళ్లీ "అది" అనడం మొదలుపెట్టారు. "తప్పు నాదేనండీ. ఆ పూట నాకు బుద్ధి లేకపోయింది. నా మీద కోపముంటే నన్ను కొట్టండి, పాట మాత్రం మానుకోవద్దు," అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకోలేదు, తోసెయ్యనూ లేదు. అక్కతో చెప్పుకుంటే అక్క కూడా ఓదార్చలేదు. "రోజూ కూర్చో. ఆయన పాడకపోయినా నువ్వు కూర్చో," అంది.

కూర్చున్నాను. ఒంటరిగా పాడుకుంటూ కూర్చున్నాను. మగ గొంతు వరస దగ్గర ఆగి, ఆయన అందుకోకపోతే తర్వాతి వరసకు పోయేదాన్ని.

కొన్నాళ్ల తర్వాత ఒక పొద్దున బట్టలు ఆరేసి లోపలికి వస్తుంటే గదిలో నుంచి పాట వినిపించింది. ఆయన్ని చూసుకునే మనిషి గడ్డం గీస్తూ తనకు తోచిన పాటేదో కూనిరాగం తీస్తున్నాడు. ఆయన అందుకుని పాడుతున్నారు. తాళం తప్పుతున్నారు. ఆ మనిషికి తాళం సంగతి పట్టినట్టు లేదు, "కదలబాక సార్, గాటు పడతది" అంటూ తానూ పాడుతున్నాడు. నేను లోపలికి పోలేదు. పోతే ఆపేస్తారేమోనని ఖాళీ బకెట్టు పట్టుకుని గోడ పక్కనే నిలబడ్డాను. ప్రాణం లేచొచ్చింది. నాతో కాకుండా ఆ మనిషితో పాడుతున్నారని కాస్త గుచ్చుకుంది కూడా. గుచ్చుకునే హక్కు నాకు లేదని తెలిసినా గుచ్చుకుంది.

ఆ వారంలోనే నాతో కూడా పాడారు. ముందు రెండు మాటలు, ఇంకో రోజు ఒక పల్లవి. నేను ఆయన కంటే ముందుకు పోకుండా, ఆయన ఎక్కడ ఆగితే అక్కడ ఆగుతూ పాడడం నేర్చుకున్నాను.

తర్వాతి శనివారం సాయంత్రం ఆ మనిషి వచ్చి ఆయన్ని వరండాలో నడిపిస్తున్నాడు. నేను గుమ్మం దగ్గర ఊరికే నిలబడి ఉన్నాను. ఆయన నడక ఆపి నా వైపు చూసి, "పో," అన్నారు. రాగం లేదు, బాణీ లేదు. మామూలు మాట.

"ఏందండీ? యాడికి?"

ఎడమ చేతిని గొంతు మీద పెట్టుకుని, వీధి వైపు చూపించారు. "పో," అన్నారు మళ్లీ.

పాటకు పోయిరమ్మన్నారా, నీ దారిన నువ్వు పొమ్మన్నారా? మొహం సగం బిగుసుకుపోయిన మనిషిలో కోపాన్ని, ప్రేమను విడదీసి పోల్చుకోవడం నాకు చేతకాలేదు. ఆ మనిషి మాత్రం, "పోండి టీచరమ్మా. సార్ చెప్తుండాడు గదా," అన్నాడు. సంచీ తీసుకోకుండా పోయాను.

ఇప్పుడు శనివారం మాత్రం పోతున్నాను, చెప్పే పోతున్నాను. అబ్బాయికి కూడా చెప్పాను. "ముందే చెప్పుంటే నేనే ఆటో మాట్లాడి పెట్టేవాణ్ణి గదమా" అన్నాడు వాడు. ఆయన్ని మళ్లీ అక్కడికి తీసుకుపోలేదు. ఒకసారి అడిగితే తల అడ్డంగా ఊపారు. మిగతా రోజులన్నీ ఇంట్లో ఇద్దరం పాడుకుంటాం. అక్కడ మైకు ముందు నిలబడినప్పుడు మునుపటిలా ఆయన్ని మరిచిపోవడం కుదరడం లేదు. మరిచిపోయిన క్షణాలు కూడా లేకపోలేదు.

పోయిన శనివారం ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే, కాఫీ బాణీలో, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ, "ఏం... పాట... పాడావు?" అని అడిగారు.

నేను పాడింది ఆ వాన పాటే, ఇంటాయనతోనే. ఇంకేదో పాట చెబుదామని నోటిదాకా వచ్చింది. "వాన పాటండీ," అన్నాను. ఆయన కాసేపు నన్నే చూశారు. తర్వాత కళ్లు దించుకుని, కుర్చీలో కాస్త పక్కకు జరిగారు. నాకు చోటిచ్చారో, నా నుంచి జరిగారో తెలియలేదు. నేను వంటింట్లోకి పోయి ఆయనకు అన్నం కలిపి తెచ్చాను.